మందుల చీటీ మీద మనుషుల్ని రాయొచ్చా? సోషల్ ప్రిస్క్రైబింగ్ అంటే ఏంటి

(ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్. చదవడానికి వీలుగా అక్కడక్కడా కాస్త సరిచేశాం.)

ఈ రోజు టాపిక్ పేరు చాలామందికి కొత్తగా ఉండొచ్చు. సోషల్ ప్రిస్క్రైబింగ్. పేరు వదిలేయండి, విషయం మాత్రం మన ఇళ్ళల్లో రోజూ జరిగేదే. ముందు మా అమ్మమ్మ గురించి చెప్పి, తర్వాత ఇంగ్లండ్ వెళ్దాం. చివర్లో మళ్ళీ మన ఊరికి వచ్చేద్దాం.

మా అమ్మమ్మది తెనాలి. ఇప్పుడు 74 ఏళ్ళు. తాతయ్య 2021లో పోయారు. ఆ తర్వాత ఏడాదిలో అమ్మమ్మకి ఒక్కొక్కటే మొదలయ్యాయి. మోకాళ్ళ నొప్పి, కళ్ళు తిరగడం, గ్యాస్, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం. వీధి చివర ఒక క్లినిక్ ఉంది, అక్కడికి వెళ్ళేది. టెస్టులన్నీ చేయించాం. బీపీ కాస్త ఉంది, దానికి మాత్ర వాడుతోంది. మిగతావన్నీ నార్మల్.

అప్పటికి నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా. మనం ఇంజనీర్లం కదా, సమస్య కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మందుల టైమ్‌కి మోగే రిమైండర్ పెట్టా. వారానికి సరిపడా గళ్ళున్న మాత్రల డబ్బా కొన్నా. చేతికి స్మార్ట్‌వాచ్, హాల్లో కెమెరా. మా ఫ్యామిలీ మొత్తానికి ఒక షీట్ కూడా షేర్ చేశా, బీపీ రీడింగులు ఎక్కించమని. అమ్మమ్మ నెల రోజులకే వాచ్ తీసి బీరువాలో పెట్టేసింది. కెమెరా మీద తువ్వాలు కప్పేసింది. క్లినిక్‌కి వెళ్ళడం మాత్రం మానలేదు.

ఒకసారి సెలవు మీద వెళ్ళినప్పుడు నేనే తీసుకెళ్ళా. పొద్దున పదింటికి వెళ్ళాం, 14వ నంబర్ టోకెన్ ఇచ్చారు. మా నంబర్ పిలిచారు. నేను లేచా. అమ్మమ్మ లేవలేదు. పక్కన పిల్లాడిని ఎత్తుకుని కూర్చున్న అమ్మాయితో, "నువ్వు ముందెళ్ళమ్మా, నాకేం తొందర లేదు" అంది. ఆ తర్వాత ఇంకో పెద్దాయనని పంపింది. తర్వాత ఇంకొకరిని. కాంపౌండర్ నవ్వి, "మామ్మగారు ఎప్పుడూ ఇంతే బాబూ, అందరూ అయ్యాకే లోపలికెళ్తారు" అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది. ఆవిడ అక్కడికి డాక్టర్ కోసం రావట్లేదు. ఆ వెయిటింగ్ హాల్ కోసం వస్తోంది.

డాక్టర్ గారు మంచాయన. అమ్మమ్మ బయటికెళ్ళాక నన్ను ఒక్క నిమిషం ఆగమన్నారు. "ఆవిడకి కావాల్సింది మాట్లాడే మనిషి బాబూ. కానీ అది నేను చీటీ మీద ఎలా రాసేది? ఏ మెడికల్ షాపులో దొరుకుతుంది?" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వెతికితే తెలిసింది, ఇంగ్లండ్‌లో నిజంగానే అలా రాస్తున్నారు. దానికి ఉద్యోగాలున్నాయి, జీతాలున్నాయి, ప్రభుత్వం బడ్జెట్ ఉంది. దాని పేరే సోషల్ ప్రిస్క్రైబింగ్.

అసలు ఎలా పనిచేస్తుంది?

ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఇంగ్లండ్‌లో వైద్యం చాలావరకు ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ వ్యవస్థ చూస్తుంది. జ్వరమైనా, నడుం నొప్పైనా ముందు మీ ఏరియా జీపీ దగ్గరికి వెళ్ళాలి. జీపీ అంటే మన పాతకాలం ఫ్యామిలీ డాక్టర్ లాంటివాళ్ళు. ఒక్కో పేషెంట్‌కి మామూలుగా 10 నిమిషాలు దొరుకుతాయి.

2015లో సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థ ఈ జీపీలని ఒక ప్రశ్న అడిగింది. మీ కన్సల్టేషన్ టైమ్‌లో వైద్యంతో సంబంధం లేని విషయాలకి ఎంత పోతోంది అని. దాదాపు ఐదో వంతు అని తేలింది. అంటే ఒంటరితనం, అప్పులు, ఇల్లు, కుటుంబ గొడవలు, ఉద్యోగం. వీటికి మాత్ర లేదు. కానీ ఇవన్నీ చివరికి నిద్ర పట్టట్లేదనో, గుండె దడగా ఉందనో డాక్టర్ ముందుకే వస్తాయి.

అందుకని మధ్యలో ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషిని లింక్ వర్కర్ అంటారు. డాక్టర్ కాదు, నర్స్ కాదు. ఒక చివర పేషెంట్, ఇంకో చివర ఊళ్ళో ఉన్న సంఘాలు, సేవలు. ఈ రెండిటినీ కలిపే మనిషి అన్నమాట.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది నేను ఊహించి చెప్తున్నది. 78 ఏళ్ళ పెద్దాయన, భార్య పోయారు, ఒక్కరే ఉంటున్నారు. జీపీ దగ్గరికి తరచూ వస్తున్నారు. జీపీ పరీక్షలన్నీ చేసి, వైద్యపరంగా చేయాల్సింది చేసి, లింక్ వర్కర్‌కి రిఫర్ చేస్తారు. లింక్ వర్కర్ తీరిగ్గా కూర్చుని మాట్లాడతారు, అవసరమైతే ఇంటికే వెళ్తారు. డాక్టర్ అడిగేది "మీకేం ఇబ్బంది?" అని. లింక్ వర్కర్ అడిగేది "మీకేది ముఖ్యం?" అని. రెండు ప్రశ్నలకీ తేడా గమనించండి. మొదటి ప్రశ్నకి నొప్పుల లిస్టు వస్తుంది. రెండో ప్రశ్నకి మనిషి బయటికొస్తాడు.

ఆ మాటల్లో ఏం తెలుస్తుంది? ఆయన ఒకప్పుడు వడ్రంగం చేసేవారు. భార్య పోయాక ఇంట్లోంచి కదలట్లేదు. చలికాలం హీటర్ బిల్లుకి భయపడి గది చల్లగానే ఉంచుకుంటున్నారు. అప్పుడు ఇద్దరూ కలిసి ఒక చిన్న ప్లాన్ రాసుకుంటారు. ఒకటి, అక్కడ పెన్షన్ వయసు దాటి, రోజువారీ పనులకి సాయం అవసరమైనవాళ్ళకి అటెండెన్స్ అలవెన్స్ అని డబ్బొస్తుంది. ఆయనకి అర్హత ఉందేమో చూసి ఫారం నింపించడం. రెండు, దగ్గర్లో మెన్స్ షెడ్ ఉంటే అక్కడికి తీసుకెళ్ళడం. ఇది 1990లలో ఆస్ట్రేలియాలో మొదలైన పద్ధతి. ఒక షెడ్డు, అందులో పనిముట్లు. పెద్దవాళ్ళు వచ్చి కుర్చీలు బాగుచేస్తారు, బొమ్మలు చెక్కుతారు. మగవాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి మనసులో మాట చెప్పమంటే చెప్పరు. చేతిలో సుత్తి పెట్టి పక్కపక్కన నిలబెడితే గంటలో అన్నీ చెప్పేస్తారు. షెడ్డు వెనకున్న ఆలోచన అదే.

ఇలాగే తోట పని చేసే గ్రూపులు, కలిసి పాడే గ్రూపులు, వాకింగ్ గ్రూపులు ఉంటాయి. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళ కోసం ప్రత్యేకంగా పాటల క్లాసులు కూడా నడుస్తున్నాయి, ఊపిరి మీద పట్టు కోసం. 2018 నుంచి పార్క్‌రన్ అనే శనివారం పొద్దుటి పరుగులకి జీపీ క్లినిక్‌లు అధికారికంగా జతకట్టాయి. పరిగెత్తక్కర్లేదు, నడవొచ్చు. అదీ కాదంటే వాలంటీర్‌గా నిలబడి చప్పట్లు కొట్టొచ్చు.

ఎన్‌హెచ్‌ఎస్ పద్ధతి ప్రకారం లింక్ వర్కర్ ఒక మనిషితో మామూలుగా 6 నుంచి 12 సార్లు మాట్లాడతారు. ఫోన్‌లో, నేరుగా, అన్నీ కలిపి. దాదాపు మూడు నెలలు. ఆ తర్వాత మెల్లగా తప్పుకుంటారు. ఆ పాటికి ఆ మనిషికి వేరే మనుషులు దొరికుండాలి. లెక్క అది.

ఇది ఎక్కడ మొదలైంది?

తూర్పు లండన్‌లో బ్రోమ్లీ బై బో అని ఒక పేద ఏరియా ఉంది. 1984లో ఆండ్రూ మాసన్ అనే పాస్టర్ అక్కడి చర్చికి వచ్చారు. చర్చి పాతబడిపోయింది, వచ్చేవాళ్ళు కొద్దిమంది వృద్ధులే. ఆయన ఆ బిల్డింగ్‌ని చుట్టుపక్కలవాళ్ళు వాడుకోవడానికి తెరిచారు. అక్కడ నర్సరీ, కెఫే, కళాకారుల వర్క్‌షాపులు వచ్చాయి. 1990ల చివరికి అదే ఆవరణలో జీపీ క్లినిక్ కూడా వచ్చింది. అక్కడి జీపీ సామ్ ఎవరింగ్టన్ లాంటివాళ్ళు ఈ పద్ధతి గురించి దేశమంతా తిరిగి మాట్లాడారు.

ఇంకో పేరు తరచూ వినిపిస్తుంది. ఫ్రూమ్. సోమర్సెట్ జిల్లాలో ఒక చిన్న పట్నం, జనాభా సుమారు 28 వేలు. మన తెనాలికంటే చాలా చిన్నది. 2013లో అక్కడి డాక్టర్ హెలెన్ కింగ్‌స్టన్ తన క్లినిక్‌లో ఒక పని మొదలుపెట్టారు. ముందు ఊళ్ళో ఏమేమి ఉన్నాయో లెక్క తీశారు. ఏ సంఘం ఎక్కడ కలుస్తుంది, ఎవరు ఏ సాయం చేస్తారు, అన్నీ ఒక డైరెక్టరీలో పెట్టారు. లేనివి, కావాలని జనం అడిగినవి కొత్తగా మొదలుపెట్టడానికి సాయం చేశారు. పేషెంట్లతో కూర్చోవడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టారు. వీళ్ళు కాకుండా ఊళ్ళో మామూలు మనుషులకి చిన్న ట్రైనింగ్ ఇచ్చి కమ్యూనిటీ కనెక్టర్లు అన్నారు. వీళ్ళ పనల్లా, తెలిసినవాళ్ళెవరైనా కష్టంలో ఉంటే "దానికి ఫలానా చోట సాయం దొరుకుతుంది" అని దారి చూపించడమే.

2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ జనరల్ ప్రాక్టీస్‌లో ఈ ఫలితాలు వచ్చాయి. 2013 ఏప్రిల్ నుంచి 2017 డిసెంబర్ మధ్య ఫ్రూమ్‌లో అత్యవసరంగా ఆసుపత్రిలో చేరేవాళ్ళు 14 శాతం తగ్గారు. అదే కాలంలో సోమర్సెట్ మొత్తంలో 28.5 శాతం పెరిగారు.

ఆ తర్వాత ఏడాది, 2019 జనవరిలో, ఎన్‌హెచ్‌ఎస్ తన లాంగ్ టర్మ్ ప్లాన్‌లో దీన్ని చేర్చింది. 2020–21 ఆఖరికి వెయ్యి మందికి పైగా లింక్ వర్కర్లు, 2023–24 నాటికి కనీసం 9 లక్షల మందికి రిఫరల్ అని టార్గెట్ పెట్టుకుంది. అదే ఏడాది అక్టోబర్‌లో దీనికోసం ఒక నేషనల్ అకాడమీ కూడా మొదలైంది.

అబ్బా, భలే ఉందే అనుకునేలోపు...

ఇక్కడ ఆగాలి. నేను ఇంత చెప్పి, "చూశారా, ప్రేమ ఉంటే మందులక్కర్లేదు" అంటే మిమ్మల్ని మోసం చేసినట్టే. ఇందులో తేలని లెక్కలు చాలా ఉన్నాయి.

మొదటిది, ఫ్రూమ్ లెక్క. 14 శాతం తగ్గింది, నిజమే. కానీ అక్కడ ఒక్క సోషల్ ప్రిస్క్రైబింగే కాదు, జబ్బు ముదిరినవాళ్ళకి ముందే ప్లాన్ రాయడం, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్ళని పలకరించడం, ఇవన్నీ కలిపి చేశారు. ఒకేసారి నాలుగు మార్పులు కోడ్‌లో పెట్టి రిలీజ్ చేస్తే, యాప్ ఫాస్ట్ అయింది దేనివల్లో ఎలా చెప్తాం? అదే ఇబ్బంది.

రెండోది, 2017లో బీఎంజే ఓపెన్‌లో ఒక సమీక్ష వచ్చింది. అప్పటిదాకా జరిగిన 15 మదింపుల్ని జల్లెడ పట్టారు. చాలావరకు చిన్నవి, పోల్చడానికి ఇంకో గ్రూపు లేనివి, కొద్ది కాలమే చూసినవి. ఇది పనిచేస్తుందని గట్టిగా చెప్పడానికి ఆధారం చాలదని తేల్చారు. పనిచేయదని కాదు. చెప్పలేం అని.

మరి ఒంటరితనానికీ ఆరోగ్యానికీ సంబంధం ఉందా? ఉంది, దానికి గట్టి ఆధారమే ఉంది. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్, ఆమె సహచరులు 148 అధ్యయనాల్ని కలిపి చూశారు. మొత్తం 3 లక్షల 8 వేల మందికి పైగా. మనుషులతో గట్టి సంబంధాలున్నవాళ్ళు, అధ్యయన కాలంలో బతికుండే అవకాశం మిగతావాళ్ళకంటే 50 శాతం ఎక్కువ అని వచ్చింది. అంటే జబ్బు నిజం. ఈ మందు ఎంత పనిచేస్తుందన్నదే ఇంకా తేలాలి.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. డాక్టర్ చీటీ రాశారు సరే, మెడికల్ షాపులో మందు ఉండాలి కదా? లింక్ వర్కర్ మిమ్మల్ని లైబ్రరీలో జరిగే గ్రూపుకి పంపుతారు. ఆ లైబ్రరీయే మూతపడితే? అక్కడికెళ్ళే బస్సు రద్దయితే? ఇంగ్లండ్‌లో 2010 తర్వాత స్థానిక సంస్థల బడ్జెట్లు బాగా కోశారు. లైబ్రరీలు, యూత్ సెంటర్లు, బస్సు రూట్లు పోయాయి. లింక్ వర్కర్‌కి జీతం ఎన్‌హెచ్‌ఎస్ ఇస్తుంది. కానీ ఆ వర్కర్ పంపిన మనుషుల్ని చేర్చుకునే చిన్న సంఘానికి టీ ఖర్చు ఎవరిస్తారు? చాలాచోట్ల ఎవరూ ఇవ్వరు. దారి చూపేవాళ్ళకి జీతం ఉంది, ఆ దారి చివర తలుపు తీసేవాళ్ళకి లేదు. ఈ గొడవ అక్కడ ఇంకా నడుస్తూనే ఉంది.

మరి మన దగ్గర?

ఇప్పుడు మీరు అనొచ్చు, "బ్రదర్, మనకి అరుగులున్నాయి, గుళ్ళున్నాయి, చుట్టాలున్నారు, మనకెందుకు ఇవన్నీ" అని. నేనూ అలాగే అనుకున్నా. మా అమ్మమ్మ విషయంలో అది ఎందుకు తప్పయిందో చెప్తా.

తాతయ్యకి ఇంటి ముందు గదిలోనే కిరాణా షాపు ఉండేది. ఆయన పోయాక మూసేశాం. మా అందరికీ అది ఒక నష్టమొచ్చే షాపు మూసేయడం, అంతే. అమ్మమ్మకి అది రోజుకి ఓ ఎనభై మంది మనుషులు ఒక్కసారిగా ఆగిపోవడం. ఇంకోటి. తాతయ్య ఉన్నప్పుడు శ్రావణమాసం వస్తే వీధిలో ప్రతి ఇంటి నుంచీ పేరంటానికి పిలుపొచ్చేది. ఆయన పోయాక ఆ పిలుపులు ఆగిపోయాయి. ఎవరూ తిట్టలేదు, వెళ్ళగొట్టలేదు. పిలవడం మానేశారు, అంతే. ఎదురింటి గుమ్మం ముందు పసుపు కుంకుమల పళ్ళెం కనిపిస్తుంది, తన గుమ్మం దాకా రాదు. అమ్మమ్మ ఈ మాట మూడేళ్ళు ఎవరికీ చెప్పలేదు. అరుగులూ చుట్టాలూ ఉన్న చోట కూడా మనిషి ఒంటరి అవ్వొచ్చని నాకు అక్కడ తెలిసింది.

ఇక మా వైపు లెక్క. ఒక రోజు ఊరికే నా కాల్ లాగ్ చూశా. అమ్మమ్మతో వారానికి ఒక కాల్. ఎక్కువ భాగం మూడు నిమిషాలలోపే. "తిన్నావా, మందులేసుకున్నావా, జాగ్రత్త." మూడు నిమిషాల్లో మందుల గురించే మాట్లాడే మనవడికి, ఆవిడ మందుల గురించే చెప్తుంది కదా? జబ్బుంటేనే ఫోన్ నాలుగు నిమిషాలు దాటుతుంది. ఆ జబ్బు అలవాటు చేసింది మేమే.

అప్పుడు ఇంగ్లండ్ పద్ధతి మా ఇంట్లోనే చేసి చూద్దామనుకున్నా. మొదటి ప్రయత్నం అట్టర్ ఫ్లాప్. దగ్గర్లో ఉన్న ఒక సీనియర్ సిటిజన్ల సంఘంలో నేనే ఫోన్‌లో మెంబర్‌షిప్ కట్టేశా. ఆవిడని అడగకుండానే. ఒక్కసారి వెళ్ళొచ్చింది. "అందరూ రిటైరైన ఆఫీసర్లురా. మగవాళ్ళు పేపర్ చదువుకుంటున్నారు. నేనెక్కడ కూర్చోవాలో తెలీలా" అంది. పోనీ గుళ్ళో భజనకి వెళ్ళమంటే, "నాకంత భక్తి ఎప్పుడుందిరా నాన్నా" అంది. ముసలివాళ్ళంటే భజన అని నేనే ఫిక్సయిపోయా.

ఈసారి నేరుగా ఆ రెండో ప్రశ్న అడిగా. "అమ్మమ్మా, తాతయ్య ఉన్నప్పుడు నీకు రోజులో ఏ పని ఇష్టంగా ఉండేది?" కాసేపు ఆలోచించి, "రాత్రి షాపు కట్టేశాక పద్దులు రాసేదాన్ని కదా, అది" అంది. నాకు తెలీదు! ఆ షాపు ఖాతా పుస్తకం మొత్తం అమ్మమ్మ రాసిందని నాకు ఇరవై ఏడేళ్ళొచ్చేదాకా తెలీదు. ఆవిడ ఆ రోజుల్లో ఎస్‌ఎస్‌ఎల్‌సీ.

ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చే ఆవిడ డ్వాక్రా గ్రూపులో ఉంది. వాళ్ళ పొదుపు పుస్తకం రాసే అమ్మాయికి పెళ్ళై వెళ్ళిపోయింది, లెక్కలు తేడా వస్తున్నాయని గొడవ పడుతున్నారట. మా పిన్ని ఈ రెండు విషయాలూ కలిపింది. మొదటి రెండు మీటింగులకి పిన్నే పక్కన కూర్చుంది. మూడోసారి నుంచి అమ్మమ్మ ఒక్కతే. ఇప్పుడు ఎవరు ఎంత కట్టారు, ఎవరి అప్పు ఎంత, వడ్డీ ఎంత, అన్నీ ఆవిడ చేతిరాతలోనే. ఆ పది మంది ఆడవాళ్ళూ లెక్క తేలకపోతే మధ్యలో ఇంటికొచ్చేస్తారు. పోయిన దసరాకి వాళ్ళే వచ్చి పిలిచి, తీసుకెళ్ళి, చీర పెట్టి పంపారు.

మోకాళ్ళ నొప్పి పోలేదు. బీపీ మాత్ర ఆపలేదు. క్లినిక్‌కి వారానికి రెండుసార్లు వెళ్ళేది, ఇప్పుడు నెలకోసారి వెళ్తోంది. ఇది ఒక్క మనిషి కథ, డేటా కాదు. కాంపౌండర్ మాత్రం "మామ్మగారు రావట్లేదేంటి, బాగున్నారా?" అని పిన్నిని అడిగాడట.

ఇందులో నాకు అర్థమైంది ఒకటుంది. ఒక యాప్ చేసి, ఊళ్ళో సేవలన్నీ అందులో పెడితే సరిపోతుందని నాలాంటివాడు అనుకుంటాడు. సమాచారం అవసరమే, ఫ్రూమ్‌లో కూడా డైరెక్టరీ పెట్టారు. కానీ కొత్త చోటికి మొదటిసారి గుమ్మం దాటి వెళ్ళేటప్పుడు పక్కన ఒక మనిషి కావాలి. మా ఇంట్లో లింక్ వర్కర్ నేను కాదు, మా పిన్ని.

ఇప్పుడు మన దగ్గర ఏమేమి ఉన్నాయి?

ఇది రాసుకోండి. ఎల్డర్‌లైన్, 14567. ఇది పెద్దవాళ్ళ కోసం ఉన్న జాతీయ హెల్ప్‌లైన్, టోల్ ఫ్రీ. దీని పుట్టిల్లు హైదరాబాదే! 2017లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఫౌండేషన్ కలిసి తెలంగాణ ప్రభుత్వంతో ఇక్కడ మొదలుపెట్టాయి. 2021 అక్టోబర్ 1 నుంచి దేశమంతటికీ వచ్చింది. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. పెన్షన్ గురించి, చట్టం గురించి అడగొచ్చు. మనసు బాగోకపోయినా మాట్లాడొచ్చు. వేధింపులుంటే చెప్పొచ్చు, అవసరమైతే మనిషిని పంపే ఏర్పాటు కూడా ఉంది. మానసిక ఆరోగ్యానికైతే టెలీ మానస్, 14416. ఇది 24 గంటలూ ఉంటుంది.

ఇంకో ఆలోచన. ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదట్లో పెన్షన్ ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో వాళ్ళకి తెలిసినంతగా ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలియదు. తలుపు కొట్టే మనిషి ఆల్రెడీ ఉన్నారు. ఆ మనిషికి ఇంకో పది నిమిషాల టైమ్, దానికి తగ్గ జీతం, "ఈ ఊళ్ళో ఇవి ఉన్నాయి" అనే ఒక లిస్టు ఉంటే చాలావరకు పనైపోతుంది. జీతం మాట కావాలనే అన్నా. ఇప్పటికే మోయలేనంత పని ఉన్న ఆశాల నెత్తిన ఇంకో రిజిస్టర్ పెట్టడం పరిష్కారం కాదు.

యూకేలో ఉన్న మన తెలుగువాళ్ళకి ఒక మాట. మీ అమ్మానాన్నలు అక్కడే స్థిరపడి జీపీ దగ్గర రిజిస్టర్ అయ్యుంటే, క్లినిక్ రిసెప్షన్‌లో "సోషల్ ప్రిస్క్రైబింగ్ లింక్ వర్కర్‌తో మాట్లాడాలి" అని అడగండి. ఇంగ్లిష్ రాదని వెనకాడొద్దు. జీపీ దగ్గర ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు, పేషెంట్ డబ్బు కట్టక్కర్లేదు.

ఆఖరుగా ఒక జాగ్రత్త. ఈ వీడియో చూసి, "అమ్మకి నొప్పి లేదు, ఒంటరితనమే" అని ఇంట్లో కూర్చుని మీరే తేల్చేయకండి. కళ్ళు తిరగడం, ఆయాసం, ఛాతీ నొప్పి, బరువు తగ్గడం, ఇవేవీ మనసు మీదికి తోసేసేవి కావు. ముందు డాక్టర్. పరీక్షలు. వాడుతున్న మందులు ఆపొద్దు. సోషల్ ప్రిస్క్రైబింగ్ డాక్టర్ పక్కన నడిచేది, డాక్టర్ బదులు వచ్చేది కాదు. రోజుల తరబడి దిగులుగా ఉండి, తిండి నిద్ర మానేస్తే అది డిప్రెషన్ కావొచ్చు, దానికి వైద్యం ఉంది.

సరే, ఈ వారం మీకు ఒక చిన్న పని. ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ చేసినప్పుడు మందుల గురించి చివర్లో అడగండి. ముందు ఈ మూడు అడగండి. ఇవాళ ఎవరితో మాట్లాడావు? ఒకప్పుడు ఏ పని ఇష్టంగా చేసేదానివి? ఇప్పుడు ఎవరికైనా నీతో పనుందా? మూడో ప్రశ్నకి "ఎవరికీ లేదు" అని వస్తే, మీరు చేయాల్సిన పని అక్కడ మొదలవుతుంది.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే అండీ. నేనూ కాల్ చేయాలి. ఈ మధ్య అమ్మమ్మే "ఇప్పుడు కాదురా, లెక్కలు చూస్తున్నా" అని పెట్టేస్తోంది.

ఉంటా మరి. మళ్ళీ కలుద్దాం.